కొండమీద గిల్లేవాళ్ళు

ఆ కొండకి చెడ్డపేరుంది.

ఎత్తు చూసి భయపడేవాళ్ళెవరూ లేరు. నాలుగొందల మీటర్లు ఉంటుందేమో. చంటిపిల్లని చంకనేసుకుని గంటన్నరలో ఎక్కేయొచ్చు. సముద్రం అడుగునుంచి కొలిస్తే లోకంలో ఇంతెత్తు కొండ ఇంకోటి లేదని ఊళ్ళో మగవాళ్ళు బీరు డబ్బాలు పట్టుకుని చెప్పుకుంటూ ఉంటారు. నీళ్ళకింద ఉన్నది ఎవడు చూడొచ్చాడు గనక.

చెడ్డపేరు అసలు శిఖరానిది కూడా కాదు. శిఖరం మీద సిలువలున్నాయి, ఏటా గుడ్ ఫ్రైడేకి ఊరంతా ఎక్కుతుంది. దానికి కాస్త కింద, కొండ భుజం దగ్గర ఒక పల్లం ఉంది. అక్కడ రెండు వరసల్లో లట్టె రాళ్ళు నిలబడి ఉంటాయి — ఛాతీ ఎత్తు నిలువు రాయి, దాని నెత్తిన బోర్లించిన గిన్నెలాంటి ఇంకో రాయి. పసిఫిక్‌లోని ఈ గువామ్ దీవికి ఓడలు రాకముందు, సిలువ రాకముందు బతికినవాళ్ళు ఆ రాళ్ళమీద ఇళ్ళు కట్టుకున్నారు. ఇళ్ళు పోయాయి. వాళ్ళు పోలేదు... అంటారు.

వాళ్ళ పేరెత్తరు. ముందటివాళ్ళు అంటారంతే.

ఆ రాళ్ళ పక్కనుంచి వెళ్ళాలంటే అడిగి వెళ్ళాలి. "అమ్మమ్మా, తాతయ్యా, మీ నేలమీద నడుస్తున్నాం, దారివ్వండి. మీరు మా వాకిట్లోకి వచ్చినప్పుడు మేమూ ఇస్తాం." అడక్కుండా వెళ్తే గిల్లుతారు. మర్నాటికి ఒంటిమీద గుర్తులు తేలతాయి — నీలంగా, నల్లగా, వేళ్ళ ఆకారంలో.

అయితే ముందటివాళ్ళది ఒక విచిత్రమైన పద్ధతి. ఎక్కువగా ఆడవాళ్ళనే గిల్లుతారు. అందులోనూ పెళ్ళైనవాళ్ళని. అందులోనూ జీతాల శుక్రవారం రాత్రి, లేదా కోడిపందెం ఓడిన శనివారం. ఆ ఊళ్ళో ఇది ఎవరికీ విడ్డూరంగా తోచలేదు. తోచినవాళ్ళు పైకి అనలేదు.

గుడ్ ఫ్రైడే వచ్చే పవిత్రవారం మొదటిరోజు, ఆదివారం పొద్దున, బెనితా మెడమీద నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు తేలాయి. కుడి దండచేతిమీద ఇంకో అయిదు.

"కొండెక్కావా?" అంది అత్తగారు తాన్ కోంచా; పెద్ద ఆడవాళ్ళని అక్కడ తాన్ అని పిలుస్తారు. పెరటి వంటపాకలో కొబ్బరి కోరుతోంది. తల ఎత్తలేదు.

"లేదత్తయ్యా. రాత్రంతా ఇంట్లోనే ఉన్నాను. మీరు పక్కగదిలోనే ఉన్నారు."

"ఆకు కోయడానికి కొండ కిందకి వెళ్ళుంటావు. అడక్కుండా అడుగుపెట్టుంటావు."

"మీకేం వినబడలేదా?"

కోరడం ఆగింది. "నాకు చెవులు మందం," అంది తాన్ కోంచా. రెండు వీధుల అవతల పంది అరిస్తే అది ఎవరి పందో చెప్పగల మనిషి.

పక్కన తాళ్ళ ఉయ్యాలలో పడుకుని బెనితా మొగుడు ఫెలిక్స్ కళ్ళు మూసుకునే అన్నాడు, "అడిగి వెళ్ళమని నేనూ ఎన్నిసార్లు చెప్పానో. వింటేగా."

శనివారం పందెంలో అతని పుంజు చచ్చిపోయింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

బెనితా గిన్నెలు తోముతూ ఊరుకుంది. పదేళ్ళుగా ఊరుకోవడం అలవాటే. కానీ అప్పుడే మెట్లమీద తన ఆరేళ్ళ కూతురు లినా గొంతు వినబడింది. పిల్ల బొమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకుని మందలిస్తోంది.

"అడిగి వెళ్ళమన్నానా లేదా? చూడు, గిల్లారు. తప్పు నీదే. ఏడవకు మరి."

బొమ్మ మెడచుట్టూ నీలం సిరా పెన్నుతో అయిదు గీతలు గీసి ఉన్నాయి.

బెనితా చేతిలో గిన్నె జారింది. అది పగలలేదు, స్టీలుది. లోపల మాత్రం ఏదో పగిలింది... నా మెడమీదివి మానిపోతాయి, దీని మెడమీద ఎప్పుడు తేలతాయి? అప్పుడు నేనూ ఇలాగే చెవులు మందం అంటానా?

"శుక్రవారం ఊరంతా కొండెక్కుతుంది," అంది అత్తగారు. "ఈ గుర్తులతో నిన్ను ఎక్కనివ్వరు. ఎంగ్రాసియా అక్కని కలువు. ఎప్పట్లాగే క్షమాపణ చెప్పుకుని రా."

తాన్ ఎంగ్రాసియాకి డెబ్బై దాటాయి. ఆకులు, వేళ్ళు, కొబ్బరినూనె — ఆమె వైద్యం అంతే. ఊళ్ళో ఏ ఆడదానికి గుర్తు తేలినా ఆమె అరుగుమీదికే రావాలి. నూనె రాసేముందు ఆమెకో అలవాటుంది: గుర్తుమీద తన వేళ్ళు ఆనించి, ఒక్కో వేలూ ఎంత పొడుగో, బొటనవేలు ఎటు తిరిగి ఉందో కొలుస్తుంది. తర్వాత వక్కాకు నములుతూ, "ముందటివాళ్ళే," అంటుంది. అదే తీర్పు.

బెనితా మెడమీద కూడా వేళ్ళు ఆనించింది. కొలిచింది.

"అవ్వా," అంది బెనితా మెల్లిగా, "ఇవి ఎవరి వేళ్ళో నీకు తెలుసు."

ముసలామె నములుతూనే ఉంది.

"తెలిసి నన్నే క్షమాపణ అడగమంటావు. పోయినేడూ అడిగాను. అంతకుముందు కడుపుతో ఉన్నప్పుడూ అడిగాను. అతని చేతికి నా చేత క్షమాపణ చెప్పిస్తావు. నీకు సిగ్గులేదా?"

ఆ అరుగుమీద ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు. తాన్ ఎంగ్రాసియా వక్కరసం ఉమ్మి, గౌను అంచుతో మూతి తుడుచుకుంది.

"బుధవారం చీకటి పడ్డాక, చంద్రుడు రాకముందు. నీ మొగుణ్ణీ తీసుకురా. ఇంటి మగవాడు నీ తరఫున మాట్లాడాలి, ఆచారం."

"నేను అడగను అవ్వా."

"అడగమన్నానా? రమ్మన్నాను." లేస్తూ అంది, "పిల్లని నా మనవరాలి దగ్గర వదిలిరా. బట్టలు కూడా సర్దు."

బుధవారం ఏడుగంటలకి ముగ్గురూ కొండ మొదట్లో నిలబడ్డారు. ఫెలిక్స్ చేతిలో టార్చి, ఇంకో చేతిలో బీరు డబ్బా. దారిపొడుగునా ఎర్రమట్టి, రెండువైపులా నడుమెత్తు కత్తిగడ్డి. అది పిక్కల్ని గీరితే మంట మర్నాటిదాకా పోదు.

పాములు పక్షులన్నిటినీ తినేసిన దీవి అది. ఆ అడవిలో చిన్న కూత కూడా ఉండదు. చెట్టుకీ చెట్టుకీ మధ్య సాలెగూళ్ళు మాత్రం దుప్పట్లంత వేలాడతాయి. మొహానికి తగిలి... తుడుచుకున్నా పోనట్టే ఉంటుంది.

గడ్డి మొదలయ్యేచోట తాన్ ఎంగ్రాసియా ఆగి, తలవంచి అడిగింది. బెనితా కూడా అడిగింది.

"నువ్వు?" అంది ముసలామె.

"నేనెందుకు?" ఫెలిక్స్ నవ్వాడు. "ఈ కొండ మా తాతలది."

"అందుకే అడగాలి."

"పద అవ్వా, ఆకలేస్తోంది. ముందే తెలిస్తే నీవాళ్ళకి కూడా ఒక బీరు తెద్దును."

అతనికి భయం లేదు. ఎందుకుంటుంది? ఊరందరిలోకీ నిశ్చింతగా ఆ కొండెక్కగలిగినవాడు అతనే. ముందటివాళ్ళు గిల్లరని అతనికంటే బాగా ఎవరికి తెలుసు.

పల్లంలోకి దిగేసరికి గాలి ఆగిపోయింది.

రాళ్ళు రెండు వరసల్లో, చీకట్లో మరింత నల్లగా... ఎవరో బారులు తీరి కూర్చున్నట్టు ఉన్నాయి. శిఖరం మీది సిలువలు ఆకాశానికి అడ్డంగా కనబడుతున్నాయి. రెండువైపులా చాలా కిందనుంచి సముద్రం చప్పుడు.

ఫెలిక్స్ డబ్బా ఖాళీచేశాడు. నాలుగడుగులు పక్కకి వేసి, ఒక రాయికి ఎదురుగా నిలబడి, జిప్పు లాగాడు.

బెనితా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ దీవిలో రెండేళ్ళ పిల్లాడికి కూడా మొదట నేర్పేది అదే — అడవిలో నీళ్ళు వదలాలంటే అడిగి వదలాలి. అందులోనూ ఆ రాళ్ళమీద...

తాన్ ఎంగ్రాసియా అటు చూస్తూ నిలబడింది.

"ఛీ, ఈ తీగలు," అని ఫెలిక్స్ ఒక కాలు విదిలించాడు. మళ్ళీ విదిలించాడు. జిప్పు లాక్కుంటూ వచ్చేశాడు. "ఊఁ, కానీ. మోకాళ్ళమీద కూర్చో. తప్పయిపోయిందని చెప్పు, దిగిపోదాం."

బెనితా మోకరిల్లింది.

మట్టి ఇంకా పగటి వేడితో ఉంది. పదేళ్ళలో ఇది నాలుగోసారి. ఏం చెప్పాలో నోటికి వచ్చు. నోరు తెరిచింది — బొమ్మ మెడమీది నీలం గీతలు కనబడ్డాయి.

"అమ్మమ్మా, తాతయ్యా," అంది. "మిమ్మల్ని ఒకటి అడగాలి. ఇవి మీ వేళ్ళా?"

పక్కన ఈల వేసుకుంటున్న ఫెలిక్స్ ఠక్కున ఆపేశాడు.

"కాదని నాకు తెలుసు. శనివారం ఒకడి పుంజు చచ్చింది. అన్నం చల్లారిందన్న వంకతో నా మెడ పట్టుకున్నాడు. పొద్దున్నే మీ పేరు చెప్పాం. నోరు లేనివాళ్ళు కదా, ఎవరి తప్పు మీద వేసినా పడతారని. పదేళ్ళు నేనూ చెప్పాను. దానికైతే క్షమించండి. ఇంక దేనికీ నేను క్షమాపణ అడగను."

"నోర్ముయ్—"

ఒక్క అంగలో వచ్చి ఫెలిక్స్ ఆమె దండ పట్టుకున్నాడు. సరిగ్గా పాత గుర్తు మీదే, పాత కొలతతోనే. ఆ విసురుకి టార్చి రాయికి తగిలి కిందపడింది. ఆరిపోయింది.

చీకటి.

"ఇంటికి పద," అన్నాడు పళ్ళమధ్యనుంచి. "ఇంటికి పద, చెప్తా—"

గడ్డి కదిలింది.

గాలి లేదు. అయినా కదిలింది... ఒకచోట కాదు. రాళ్ళ వెనక, అటూ ఇటూ. సర్రున. మళ్ళీ నిశ్శబ్దం.

"ఎవరది?"

తూర్పున సముద్రం అంచు తెల్లబడింది. చంద్రుడు వస్తున్నాడు. ఆ వెలుగులో మొదటి రాయి వెనక ఏదో లేచింది. తలమీద గుడ్డ కప్పుకున్న ఆకారం. రెండో రాయి వెనక ఇంకోటి. అవతలి వరసలో మరొకటి...

"అడిగావా?" గుసగుసగా ఒక గొంతు.

"అడిగి వచ్చావా?" ఇంకో గొంతు, వెనకనుంచి.

ఫెలిక్స్ పట్టు సడలింది. బెనితా కూడా కదల్లేకపోయింది. దెయ్యమైతే పాదాలు వెనక్కి తిరిగి ఉండాలి... తల వంచి చూసింది. గడ్డిలో ఏమీ కనబడలేదు. చప్పుడు వినబడింది.

చప్. చప్. చప్.

రబ్బరు చెప్పులు.

దగ్గరికొచ్చిన ఆకారం నుంచి సుద్దముక్కల వాసన వేసింది. బడి టీచరు ఇసాబెల్. దాని పక్కది, సరుకుల కొట్లో కూర్చునే రూఫినా. ఆ కుంటి నడక ఊళ్ళో ఇంకెవరికీ లేదు. చర్చి గంట కొట్టేవాడి భార్య. పందులు పెంచే అక్కచెల్లెళ్ళిద్దరు. అయిదుగురు. గుడ్డలు తీసేశారు. దాక్కోవాల్సిన పని వాళ్ళకిక లేనట్టుంది.

ఫెలిక్స్ గట్టిగా ఊపిరి వదిలాడు. "మీరా. చంపేశారు కదా. ఏం వేషాలివి? మీ మొగుళ్ళకి తెలుసా?"

అయిదుగురూ చుట్టూ నిలబడ్డారు.

ఇసాబెల్ టీచరు చెయ్యి చాపి అతని దవడ పట్టుకుంది. కొట్టలేదు, పట్టుకుంది. బలంగా. "ఇది నాకు. కరెంటు మూడు నెలలు రాని తుఫాను ఏడాది."

రూఫినా ఎడమ భుజం పట్టుకుంది. "ఇది నాకు. దాని తర్వాతి తుఫానుకి."

గంట కొట్టేవాడి భార్య అతని మెడ వెనక, జుట్టు మొదట్లో పట్టుకుంది. అక్కచెల్లెళ్ళు చెరో ముంజేయి పట్టుకున్నారు. ఎవరి గుర్తు ఎక్కడ తేలిందో అక్కడ. ఫెలిక్స్ విదిలించుకోబోయాడు. పందుల్ని పట్టే చేతులు, బస్తాలు దింపే చేతులు. కదల్లేదు.

"నన్నెందుకు?" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. "మిమ్మల్ని నేనేం చెయ్యలేదు కదా."

"లేదు," అంది ఇసాబెల్. "మా మొగుళ్ళని తీసుకొచ్చే వీలు దొరకలేదు. నువ్వు దొరికావు."

తాన్ ఎంగ్రాసియా వచ్చి అతని ఎడమ మణికట్టు పట్టుకుంది. ఆ ఎండిన వేళ్ళలో అంత బలం ఉందని ఎవరూ అనుకుని ఉండరు.

"ఇది నాకు. పదిహేడేళ్ళప్పుడు. పెళ్ళై మూడు వారాలు. మా అమ్మ అడిగితే సిగ్గేసి, రాళ్ళ దగ్గర ఎవరో గిల్లారన్నాను. మొదట ఆ మాట పుట్టించింది నేనే బెనితా. అంతవరకు ఈ చోటికి ఏ చెడ్డపేరూ లేదు. ఇక్కడికొచ్చి అన్నాలు తినేవాళ్ళం. నాకు దొరికిన సాకు బావుందని అందరూ వాడుకున్నారు. నేను నూనె రాస్తూ కూర్చున్నాను."

బెనితా లేచి నిలబడింది. అతని కుడి దండ పట్టుకుంది. వేళ్ళు ఎముక తగిలేదాకా. మెడ కూడా అందుబాటులోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. పట్టుకుంటే వదలనేమోనని భయపడింది.

ఎంతసేపలా నిలబడ్డారో. చంద్రుడు పూర్తిగా పైకొచ్చాక వదిలేశారు. ఫెలిక్స్ గడ్డిలోంచి పడుతూ లేస్తూ, ఒక కాలు ఈడ్చుకుంటూ దిగిపోయాడు. టార్చి కూడా తీసుకోలేదు.

మర్నాడు పొద్దున తాన్ ఎంగ్రాసియా ఇంట్లో లినా పంపు కింద బొమ్మ మెడ రుద్దుతోంది. సిరా వదలడం లేదు. బెనితా సబ్బు అందించింది. నిన్న సర్దిన సంచి గుమ్మం లోపలే ఉంది. అది తిరిగి ఆ ఇంటికి వెళ్ళదని ఆమెకి తెలుసు, ముసలామెకీ తెలుసు.

గేటు చప్పుడైంది. తాన్ కోంచా కొడుకుని నడిపించుకుంటూ వచ్చింది.

"అక్కా, వీణ్ణి చూడు. ఒళ్ళంతా—"

"ఎవరు చేశారు?" అంది తాన్ ఎంగ్రాసియా.

ఫెలిక్స్ కళ్ళు బెనితా వైపు తిరిగాయి. నిజం చెప్పొచ్చు. ఆడవాళ్ళు ఏడుగురు పట్టుకుంటే విడిపించుకోలేకపోయానని చెప్పొచ్చు. సాయంత్రానికి ఊళ్ళో ప్రతి ఉయ్యాలా నవ్వుతుంది.

"ముందటివాళ్ళు," అన్నాడు నేల చూస్తూ.

"అడిగి వెళ్ళలేదా నాయనా?" అంది తల్లి. పదేళ్ళుగా కోడలితో అన్న గొంతుతోనే. అనేశాక తన గొంతు తనకే వినబడినట్టుంది. ఆమె మొహం పాలిపోయింది. పక్కకి తిరిగి నిలబడింది.

తాన్ ఎంగ్రాసియా నూనె గిన్నె దగ్గరకి లాక్కుంది. అలవాటు ప్రకారం ఒక్కో గుర్తుమీదా వేళ్ళు ఆనించి కొలిచింది. దవడ. భుజం. మెడ వెనక. రెండు ముంజేతులు. మణికట్టు దగ్గర తన వేళ్ళు తన గుర్తులో సరిగ్గా కూర్చున్నాయి. దండ. ఏడు.

"అయిపోయింది. లే."

"కాలు," అన్నాడు ఫెలిక్స్. "కాలు కింద పెట్టలేకపోతున్నాను."

పంట్లాం అంచు పైకి లాగాడు.

చీలమండ చుట్టూ నల్లగా ఉంది. నీలం కాదు, కాలిన కట్టెలా నలుపు. నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు. తాన్ ఎంగ్రాసియా తన వేళ్ళు ఆనించింది. ఆ గుర్తులు ఆమె వేళ్ళ చివరలు దాటి, ఒక్కోటీ ఇంకో కణుపు మేర సాగి ఉన్నాయి. బొటనవేలు పైవైపు ఉంది. నిలబడినవాళ్ళెవరూ ఆ కాలిని అలా పట్టుకోలేరు. నేలలోంచి పైకి చాపిన చెయ్యి అయితే తప్ప.

వక్కాకు నములుతున్న ముసలామె దవడ ఆగిపోయింది. తలెత్తి బెనితా వైపు చూసింది.

బెనితా తల అడ్డంగా ఊపింది. రాత్రి ఎవరూ అతని కాలు పట్టుకోలేదు.

ఇద్దరూ తాన్ కోంచా వైపు చూశారు.

"నన్ను చూస్తారేం," అందామె. "నేను చర్చి మెట్లే ఎక్కలేను."

"ఎప్పుడైంది?" అంది తాన్ ఎంగ్రాసియా, గుసగుసగా.

ఫెలిక్స్ పంట్లాం అంచు కిందకి లాక్కున్నాడు. "రాయి దగ్గర... నీళ్ళు వదులుతున్నప్పుడు. వాళ్ళెవరూ లేవకముందే. చల్లగా చుట్టుకుంది. తీగ అనుకున్నాను... అనుకోవాలనుకున్నాను."

పంపు కింద లినా ఇంకా బొమ్మ మెడ రుద్దుతూనే ఉంది.

తాన్ ఎంగ్రాసియా నూనె గిన్నె మూత పెట్టేసింది.

"అవ్వా, దీనికి రాయవా?"

"దీనికి నా దగ్గర నూనె లేదు. యాభై ఏళ్ళుగా మీ మగాళ్ళు చేసిందంతా వాళ్ళ నెత్తిన పెట్టాం. పాపం, ఒక్కసారీ నోరెత్తలేదు." ఆమె చేతులు కడుక్కుని, గౌను అంచుతో తుడుచుకుంది. "చీకటిపడ్డాక వెళ్ళు. మోకాళ్ళమీద కూర్చుని అడుగు. ఒక్కడివే వెళ్ళాలి. నీ తరఫున మాట్లాడే ఆడదెవరూ ఉండదు."